చారిత్రక వేషధారణలో ముత్యాల హారం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉత్సవాల సందర్భంగా ఏర్పాటైన ప్రదర్శనశాలలో, పాత నాటకాల ఛాయాచిత్రాల సరసన, ఒక గాజుపెట్టెలో ఏడుపేటల ముత్యాల హారం ఉన్నది. "రాణి తిరుమలదేవి పాత్రకు విద్యార్థులు కూర్చిన హారం, 511 గాజుముత్యాలు" అని దాని ముందు ఒక అట్టముక్క మీద వ్రాసి ఉన్నది. నిన్న ఉదయం ఆరవ తరగతి బాలిక ఒకతె ఆ పెట్టె ముందు చాలాసేపు నిలబడి, పెదవులు కదుపుతూ లెక్కించి, ఇందులో 510 మాత్రమే ఉన్నవని, అట్ట మీద తప్పు వ్రాశారని ఉపాధ్యాయులకు విన్నవించింది. ఆ బాలిక లెక్క సరియైనదే. అట్ట మీది లెక్కయు అసత్యం కాదు. ఈ రెండు లెక్కల నడుమ నిలిచిన ఒక్క ముత్యమే నేటి ప్రసంగానికి ఆధారం.

బళ్ళారి సీమలో పుట్టి పెరిగిన వారికి చారిత్రక నాటకం కొత్త కాదు. ఆంధ్ర నాటక పితామహుడుగా ప్రసిద్ధి పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) ఇక్కడనే సరసవినోదినీ సభను నెలకొల్పారు. కోలాచలం శ్రీనివాసరావు (1854-1919) చరిత్రను రంగస్థలానికి తెచ్చి, విజయనగర పతనాన్ని 'రామరాజు చరిత్ర'గా రచించారు. ఆ నాటకంలో పఠాను పాత్రను ధరించి బళ్ళారి రాఘవ (1880-1946) అఖండమైన కీర్తిని ఆర్జించారు. నటన సహజంగా ఉండవలెనని, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించవలెనని పట్టుబట్టిన మహానటుడాయన. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ తరువాత ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడం, పుస్తకంలో రెండును కలిసి నడిచిన ఈ ప్రాంతపు పిల్లలకు, తెలుగును నోరారా పలికే అవకాశం ఏడాదికొకసారి వచ్చే వార్షికోత్సవ నాటకమే కల్పించింది.

అయితే ఆ నాటకాలకు ఆహార్యం అద్దెపెట్టెలలో వచ్చేది. అదే కిరీటం ఒకనాడు దుర్యోధనునిది, మరొకనాడు శ్రీకృష్ణదేవరాయలది. అవే బంగారు రంగు కాగితపు నగలు సత్యభామకును చాలును, తిరుమలదేవికిని చాలును. సుమారు పాతికేళ్ళ క్రితం తొమ్మిదవ తరగతి పిల్లలు హంపికి విజ్ఞానయాత్ర వెళ్ళి, హజారరామాలయపు ప్రాకారం మీద చెక్కిన మహానవమి ఊరేగింపు శిల్పాలను చూచి వచ్చారు. ఆ మరునాడే అద్దెపెట్టె తెరచినప్పుడు ఒక పిల్లవాడు, "అమ్మగారూ, ఆ రాతిమీద ఉన్నవారు ఇట్లా లేరు గదా!" అన్నాడు. ఆ మాటకు చేతిపనుల ఉపాధ్యాయురాలు నవ్వి ఊరుకొనలేదు. రాణి మెడలోని హారమైనను చరిత్రకు దగ్గరగా ఉండవలెనని నిశ్చయించి, తరగతిని నాలుగు బృందాలుగా విభజించి, ఒక్కొక్క బృందానికి ఒక్కొక్క ప్రశ్న ఇచ్చారు. ఏ నగలు? ఎంత పరిమాణం? ఎన్ని పూసలు? ఏ విధంగా గుచ్చవలెను?

మొదటి ప్రశ్నకు సమాధానం వెదకిన పిల్లలకు సాక్ష్యాలు సమృద్ధిగా లభించాయి. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుండి 1529 వరకు పాలించాడు. 1520 ప్రాంతంలో ఆ నగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మహానవమి ఉత్సవాలను కన్నులారా చూచి వ్రాసిపెట్టాడు. అంతఃపుర స్త్రీల మెడలలో పచ్చలు, వజ్రాలు, కెంపులు పొదిగిన కంఠాభరణాలతో పాటు ముత్యాల పేటలు అనేకం ఉండేవని, ఆ నగల బరువును మోయలేని వారికి ఇతర స్త్రీలు చేతులు పట్టి ఆసరా ఇచ్చేవారని అతడు వర్ణించాడు. అదే యాత్రికుడు రాయలను చూచినప్పుడు ఆయన బంగారు గులాబీల అల్లిక గల తెల్లని వస్త్రాలు ధరించి, మెడలో వజ్రాల నగతో, తలపై జరీ టోపీతో ఉన్నాడట. పాదరక్షలు లేవు. ఆ టోపీయే కుళ్ళాయి. తిరుమల ఆలయంలో తిరుమలదేవి, చిన్నాదేవులతో కలిసి చేతులు జోడించి నిలిచిన రాయల లోహవిగ్రహానికి గూడ తలపై కుళ్ళాయియే కలదు. అచ్యుతదేవరాయల కాలం (1529-1542) నాటి లేపాక్షి పైకప్పు చిత్రాలలో స్త్రీల చీరల అంచులు, కొప్పులు, కంఠాభరణాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఈ సాక్ష్యాలను చూచిన పిల్లలు రెండు నిర్ణయాలు చేశారు. రాజుకు కిరీటం తీసివేసి కుళ్ళాయి పెట్టుట. రాణికి ముత్యాల పేటలు కూర్చుట.

ముత్యాల పేటలకు భారతీయ వాఙ్మయంలో గొప్ప పరంపర ఉన్నది. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహిత హారాలకు పేటల సంఖ్యను బట్టి పేర్లు పెట్టింది. 1008 పేటలది ఇంద్రచ్ఛందం. అందులో సగం విజయచ్ఛందం. 108 పేటలది హారం, 64 పేటలది అర్ధహారం, 32 పేటలది గుచ్ఛం. ఒకే పేట గలది ఏకావళి. ఇరువదియేడు ముత్యాల ఏకావళిని అమరకోశం నక్షత్రమాల అన్నది. అశ్విని మొదలు రేవతి వరకు నక్షత్రాలు ఇరువదియేడే గదా! ఇంద్రచ్ఛందం దేవతలకే గాని మానవులకు గాదని చదివిన పిల్లలు, వేయి పేటలు ఏ మెడ మోయగలదని ఆశ్చర్యపడ్డారు. పేట, సరం అనే మాటలు వారికి వాడుకలోనివే. కన్నడంలో నగ 'సర', తమిళంలో దండ 'సరం'. ముత్యం ఆ రెండు భాషలలోను 'ముత్తు'. గురజాడ అప్పారావు 1910లో తన గేయఛందస్సుకు ముత్యాలసరం అని పేరు పెట్టుటలో గల ఔచిత్యం, చేతిలో పూసల పేట పట్టుకొన్న తరగతికి విడమరచి చెప్పవలసిన అవసరం లేకపోయింది.

రెండవ ప్రశ్న పరిమాణం గురించి. నేడు అంగడిలో బఠాణీగింజల కంటె పెద్దవి, తీర్చిదిద్దినట్లు గుండ్రనివి అయిన ముత్యాలు సులభంగా దొరుకుతాయి. కాని రాయల కాలంలో ముత్యాల పెంపకం లేదు. జపాను దేశీయుడు మికిమోటో ముత్యపు చిప్పలలో అర్ధగోళాకారపు ముత్యాలను పెంచి చూపినది 1893లో. భారతదేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు తూత్తుకుడిలో పెంపుడు ముత్యాన్ని సాధించినది 1973లో. అంతకు పూర్వం ప్రతి ముత్యమును సముద్రం తనంతట తాను ఇవ్వవలసినదే. మన్నారు సింధుశాఖలోను, పారసీక సింధుశాఖలోను ఊపిరి బిగబట్టి మునిగిన మనుష్యులు వేలకొలది చిప్పలను పైకి తెస్తే, వాటిలో ముత్యం గలవి కొన్ని. ఆ కొన్నిటిలో గుండ్రనివి మరి కొన్ని. స్వాతి కార్తెలో కురిసిన వానచినుకు చిప్పలో పడి ముత్యమగునని పెద్దలు చెప్పిన కథలోని అందం కథదే. శాస్త్రం చెప్పేది వేరు. చిప్పలోని ప్రాణి, తన మృదు శరీరంలో చొరబడిన అన్య పదార్థం చుట్టును సున్నపు ధాతువును పొరలు పొరలుగా చుట్టగా ముత్యమేర్పడుతుంది. అటువంటి సహజ ముత్యాలలో పెద్దవి, సమానమైనవి అరుదు. కనుక చరిత్రకు దగ్గరగా ఉండవలెనన్నచో పెద్ద పూసలు పనికిరావని, ఆరు మిల్లీమీటర్ల పూసలు చాలునని, వాటిలో కొన్ని ఒకింత సొట్టగా ఉన్నను తీసివేయనక్కరలేదని పిల్లలు తీర్మానించారు.

పూసలు మాత్రం గాజువే. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. కృత్రిమ ముత్యానికి గూడ చరిత్ర ఉన్నది. పదిహేడవ శతాబ్దిలో పారిస్ నగరంలో జాక్విన్ అనే జపమాలల పనివాడు, చేప పొలుసులలోని వెండివంటి మెరుపును వేరుచేసి, బోలు గాజుపూసల లోపల పూసి, మైనంతో నింపి ముత్యాలవలె చేశాడు. నేటి గాజు ముత్యాలకు పూత వెలుపల ఉంటుంది. పంటి అంచుకు మెల్లగా రాచినచో నిజమైన ముత్యం సన్నని ఇసుకవలె గరగరలాడుతుంది. కృత్రిమమైనది నున్నగా జారుతుంది. ఆ పరీక్ష తెలిసిన నాటి నుండి కొన్ని రోజుల పాటు ఇంటింటా అమ్మమ్మల ముత్యాలు మనుమరాండ్ర పండ్ల పాలైనవని తల్లులు ఫిర్యాదు చేశారు! చిగురుటాకువంటి పూత గల పాత ముత్యాలను అట్లు పదే పదే రాయరాదని ఉపాధ్యాయురాలు మందలించవలసి వచ్చింది.

మూడవ ప్రశ్న గణితానిది. మొదటి పేట సుమారు 40 సెంటీమీటర్లు. పూస ఆరు మిల్లీమీటర్లు, పూసకు పూసకు నడుమ ముడి అర మిల్లీమీటరు, వెరసి ఆరున్నర. లెక్కించగా మొదటి పేటకు 61 పూసలు వచ్చాయి. పేటలన్నియు ఒకే పొడవుగా ఉన్నచో ఒకదానిపై ఒకటి పడి చిక్కుపడతాయి. కనుక ప్రతి పేటయు పైదాని కంటె కొంత జారి ఉండవలెను. పేటకు నాలుగు పూసల చొప్పున పెంచితే, ఒక్కొక్క పేట 26 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 61, 65, 69, 73, 77, 81, 85. అన్నియు బేసి సంఖ్యలే. అందువలన ప్రతి పేటకు నట్టనడుమ ఒక ముత్యం నిలిచి, ఏడు నడిమి ముత్యాలు రొమ్ముమీద ఒకే నిలువు గీతలో వస్తాయి. గణితోపాధ్యాయులు ఈ సంఖ్యలను నల్లబల్ల మీద వ్రాసి, ఇదియే అంకశ్రేఢి అన్నారు. నడిమి పదం 73, పదాలు ఏడు, మొత్తం 511. అంతవరకు పుస్తకంలోని సూత్రంగా మాత్రమే ఉన్న విషయం పిల్లల చేతికి వచ్చింది.

నాలుగవ ప్రశ్నకు, అనగా గుచ్చే విధానానికి, సమాధానం ఊహించని చోట నుండి లభించింది. ఆ తరగతిలో చివరి బల్ల మీద కూర్చుండే బాలిక ఒకతె ఉండేది. ఆమె కుటుంబం గుడివీధిలో పూలు కట్టి అమ్మేది. తెల్లవారుజామున పూలు కట్టి, బేరం ముగిసిన తరువాత బడికి వచ్చుటవలన ఆమె పేరు తరచు ఆలస్యపు పట్టికలో ఉండేది. హాజరు చాలక, ఆ సంవత్సరంతో చదువు మాన్పించవలెనని తండ్రి ఆలోచిస్తున్నాడని అందరికి తెలుసు. పరీక్షలలో మార్కులు అంతంతమాత్రం. పిల్లలు తమకు తోచినట్లు నైలాను తీగకు పూసలు ఎక్కించగా ఆ తీగ చుట్టలు చుట్టలుగా నిలిచి, హారం మెడమీద ఒరగక ముళ్ళకంపవలె లేచింది. అప్పుడా బాలిక వెనుక బల్ల నుండి మెల్లగా, "పూలదండకైనా నూలుదారమే కావాలి టీచర్, అదే మెడ మాట వింటుంది" అన్నది.

ఆ పూట నుండి రెండు వారాల పాటు చేతిపనుల తరగతికి ఆమెయే గురువు. గట్టి నూలుదారాన్ని రెండు పేటలుగా తీసుకొని తేనెమైనం పట్టించుట. పేట పొడవుకు మూడింతల దారం ముందే కొలిచి ఉంచుకొనుట. దారపు కొసకు జిగురు రాచి పురిపెట్టి సూదివలె చేసుకొనుట, ఇవి తొలి పాఠాలు. ప్రతి పూసకు తరువాత ఒక ముడి వేయవలెను. ముడి వేసేటప్పుడు వదులుగా ఉన్న ఉచ్చులో సూదిమొన ఉంచి, దానిని పూస అంచు దాక జరిపి, అప్పుడు సూదిని తీసి బిగించవలెను. లేనిచో ముడి దూరంగా పడి దారం కనిపిస్తుంది. ముడి బెజ్జం కంటె లావుగా ఉండవలెను. పూస బెజ్జం పెద్దదై ముడి లోనికి దూరినచో దారం ఇంకొక పేట చేర్చవలెను. ఏడుపేటల కొసలను రెండు ప్రక్కల ఏడేసి రంధ్రాలు గల ఇత్తడి బిళ్ళలకు కట్టి, ఆ బిళ్ళల వెనుక పట్టుత్రాడు వేసి, జారుముడి పెట్టారు. హైదరాబాదు పట్వాలు నగలకు వేసే త్రాళ్ళ వంటిదే ఇదియును. జారుముడి ఉన్నందువలన ఏ యేట ఏ బాలిక రాణి పాత్ర ధరించినను హారం ఆమె మెడకు సరిపోతుంది.

ప్రతి పూసకు ముడి ఎందుకని విసుగు చెందిన వారు లేకపోలేదు. 511 పూసలు గుచ్చుట ఒక ఎత్తు. అన్ని ముడులు వేయుట మరొక ఎత్తు. ఇరువది అడుగుల దూరాన కూర్చున్నవారికి ముడి కనిపించదు గదా అని ఒకరన్నారు. ఆ బాలిక ఎక్కువ మాటలాడేది కాదు. దండ తెగితే పూలు వీధిపాలు కారాదని తన నాయనమ్మ నేర్పిన పద్ధతి ఇది అని మాత్రం చెప్పి, తన పని తాను చేసుకొనిపోయింది.

నాటకం రోజున మహానవమి రంగంలో, రాణికి హారతి ఇచ్చే చెలికత్తె ముందుకు వంగినప్పుడు, హారతి పళ్ళెరపు అంచుకు మూడవ పేట తగులుకొని పుటుక్కున తెగింది. ముందు వరుసలోని వారికి ఆ చప్పుడు వినిపించింది. ముడులు లేని హారమైతే 69 పూసలు వేదికపై దొర్లి, నృత్యానికి రానున్న చిన్నపిల్లల పాదాల క్రింద పడేవి. రాలినది ఒక్కటే ముత్యం. రాణి పాత్రధారిణి తెగిన పేటను ఎడమచేతితో రొమ్మునకు అదిమి పట్టి, ఒక్క అక్షరం తడబడకుండ తన సంభాషణను పూర్తిచేసింది. తెర పడగానే ప్రక్కన సూదితో, మైనపు దారంతో సిద్ధంగా కూర్చున్న బాలిక ఆ పేటను ముడివేసింది. తరువాతి రంగంలో హారం యథాప్రకారం రాణి మెడలో ఉన్నది. రాలిన ముత్యాన్ని ఆ రాత్రియు, మరునాడును వెదకినారు. దొరకలేదు. మరొక పూస చేర్చి లెక్క సరిచేయవచ్చునని కొందరన్నారు. చేతిపనుల ఉపాధ్యాయురాలు అంగీకరించలేదు. 511 కూర్చిన మాటయు నిజమే, ఒకటి పోయిన మాటయు నిజమే. రెండును హారంలోనే ఉండనిండని ఆమె అన్నారు. మూడవ పేటలో ముత్యాలు 68. ఆరవ తరగతి బాలికకు ఇదియే సమాధానం.

ఆ మరునాడు ఉపాధ్యాయురాలు గుడివీధికి వెళ్ళి, పూలబుట్టల నడుమ కూర్చున్న తండ్రితో మాటలాడారు. ఆయనకు బడిమీద ద్వేషం లేదు. ఇంటికి రెండు చేతులు కావలెను, అంతే. ఆలస్యంగా వచ్చినను మొదటి పీరియడు పాఠం సాయంకాలం చెప్పించే ఏర్పాటు జరిగింది. ఆ బాలిక పదవ తరగతి ఉత్తీర్ణురాలైంది. అంతకు మించి పెద్ద చదువు చదువలేదు. ఇప్పుడు అదే వీధిలో ఆమెకు సొంత పూలకొట్టు ఉన్నది. కొట్టు లెక్కల పుస్తకం తెలుగులో, ముత్యాలవంటి అక్షరాలతో, ఆమెయే వ్రాసుకొంటున్నది. ఈ వేదికకు నేడు కట్టిన దండలు ఆ కొట్టులోనివే.

ప్రదర్శనశాలలో ఆ నాటకపు ఛాయాచిత్రం ఉన్నది. రాజు, రాణి, మంత్రి తిమ్మరుసు, కవులు, చెలికత్తెలు అందరి పేర్లు దాని క్రింద వరుసగా ఉన్నవి. తెర వెనుక కూర్చున్న ఆ బాలిక చిత్రంలో లేదు గనుక పేరును లేదు. రాయల కాలపు రాణుల పేర్లు శాసనాలలో ఉన్నవి. వారి ముత్యాల కోసం సముద్రంలో మునిగినవారి పేర్లు గాని, వాటికి బెజ్జం వేసినవారి పేర్లు గాని, గుచ్చినవారి పేర్లు గాని ఎక్కడను లేవు. అది అయిదు వందల ఏండ్ల నాటి లోపం, దిద్దుటకు వీలులేనిది. ఈ చిత్రం క్రింది లోపం పాతికేళ్ళదే, దిద్దుటకు వీలైనది. ఈ సంచిక అచ్చుకు పోవుటకు ముందే, ప్రతి నాటక చిత్రం క్రిందను దుస్తులు కుట్టినవారి, నగలు కూర్చినవారి, తెర లాగినవారి పేర్లను జ్ఞాపకమున్నంత మేరకు చేర్చవలసినదిగా పూర్వ విద్యార్థులందరికి విజ్ఞప్తి. కార్యాలయంలో ఒక పుస్తకం, కలం సిద్ధంగా ఉన్నవి.

విద్యార్థులారా! వచ్చే వార్షికోత్సవానికి ఈ హారం మరల ఒక రాణి మెడలోకి వెళ్ళనున్నది. నూలుదారం పాతబడింది, మరల గుచ్చవలసిన సమయం వచ్చింది. వ్రేలాడదీస్తే దారం సాగుతుంది గనుక మెత్తని గుడ్డలో పరచి ఉంచండి. అత్తరు, చెమట తగలకుండ చూడండి. తగిలితే పొడిగుడ్డతో తుడవండి. ప్రతి పూసకు ముడి వేయండి. లెక్కించినప్పుడు 510 వస్తే భయపడవద్దు. పాఠం నేర్పుటకు గుడివీధి నుండి ఒక పూర్వ విద్యార్థిని రానున్నారు. ఆమె మధ్యాహ్నం బేరం ముగిసిన తరువాత వస్తారు. కొంత ఆలస్యమైనను తరగతి వేచి ఉండవలెను.